కుట్టును తిరగేసి చూడాల

మీ ఇంట్లో బొంత ఉందా? అంగట్లో కొన్న దుప్పటి కాదు, పాత కోకలు నాలుగైదు ఒకదానిమీద ఒకటి పరిచి, ఇంటి ఆడవాళ్లు చుట్టూ కూచుని దబ్బళంతో కుట్టిన బొంత. ఉంటే తెచ్చి కాళ్లమీద కప్పుకోండి. మా కమలాపురంలో ధనుర్మాసం వచ్చిందంటే తెల్లారుజామున ఏటి పక్కనుంచి వచ్చే గాలికి పళ్లు టకటకలాడతాయి. ఎండాకాలంలో బండలు పగిలే ఊరు ఇదేనా అనిపిస్తుంది. పాపాగ్ని పోయి పెన్నలో కలిసే చోటికి దగ్గర్లోనే మా ఊరు. నీళ్లున్నా లేకపోయినా ఆ ఇసక చల్లదనం మాత్రం ఊరిమీదికి వస్తుంది. వాకిట్లో నాలుగు కంది కట్టెలు అంటించుకుని, అరచేతులు కాచుకుంటూ మాట్లాడుకునే రోజులివి. ఈసారి సూదీ దారం గురించి మాట్లాడుకుందాం.

మా జేజికి అక్షరం ముక్క రాదు. కానీ బొంత కుట్టడానికి కూచుంటే వరుసకూ వరుసకూ మధ్య వేలు మందం తప్ప వెంట్రుక వాసి ఎక్కువా ఉండేది కాదు, తక్కువా ఉండేది కాదు. అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి పోయేది. "నడిమినుంచి ఎందుకు మొదలుపెట్టవు జేజీ?" అని అడిగినాను ఒకసారి. "గుడ్డ చినిగేది నడిమిట్లో కాదు పాపా, అంచుల్లో. ముందు అంచు గట్టి చేయాల" అనింది. నాలుగు మూలలా వేరే రంగు గుడ్డ ముక్క పెట్టి రెండు చుట్లు ఎక్కువ కుట్టేది. అది అందం కోసం అనుకునేదాన్ని. పిల్లోళ్లు బొంతను మూలలు పట్టుకుని ఈడుస్తారు, అందుకని ఆ కుట్టు. చూడ్డానికి మాత్రం నాలుగు మూలలా నాలుగు పూలు పూసినట్టు ఉండేది.

బడిలో కుట్ల క్లాసులో గొలుసు కుట్టు, కాడ కుట్టు నేర్చుకుని, చేతిరుమాలు మీద ఒక పువ్వు కుట్టి జేజికి చూపించినాను. ఆమె ముందరపక్క చూడనే లేదు. తిరగేసింది. వెనక దారాలు చిక్కుపడి, ఒక రేకునుంచి ఇంకో రేకుకు ఎగిరిపోయి, ముడులు ముడులుగా ఉన్నాయి. "కుట్టును తిరగేసి చూడాల పాపా. ముందరపక్క ఊరికి చూపిచ్చేది, ఎనకపక్క మన చేతి పని" అనింది. అప్పుడు ఏడుపొచ్చింది కానీ, ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

మళ్లీ ఆ మాట గట్టిగా గుర్తొచ్చింది 2022 మార్చిలో. మా వీధి పిల్లోడు ఒకడు అంతకుముందే ఎంబీబీఎస్ చదవడానికి ఉక్రెయిన్ పోయినాడు. మన రాయలసీమ నుంచి, కోస్తా నుంచి, తెలంగాణ నుంచి ఎంతమంది పిల్లలు అక్కడికి పోయినారో మీకు తెలిసిందే. వాడున్న ఊరు చెర్నివ్‌త్సి, ఆ దేశానికి నైరుతి మూలన, రుమేనియా సరిహద్దుకు దగ్గర. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైనాక మూటాముల్లె సర్దుకుని, గడ్డకట్టే చలిలో నడిచి సిరెత్ దగ్గర సరిహద్దు దాటి, ఆపరేషన్ గంగ విమానమెక్కి ఇల్లు చేరినాడు. వాళ్లమ్మ ఆ పదిరోజులూ అన్నం ముట్టలేదు. వచ్చిన రెండోరోజు మా ఇంటికి వచ్చినాడు మా అమ్మను చూసిపోదామని. చేతిలో ఒక పొట్లం. వాడు అద్దెకుండిన ఇంటి పెద్దావిడ బయల్దేరేటప్పుడు సంచీలో పెట్టి పంపిన గుడ్డ అంట.

విప్పితే పొడుగాటి తెల్లటి తువ్వాలు. అవిసె నార బట్ట, కొంచెం గరుకు. రెండు కొసలా మూరెడు మూరెడు మేర ఎర్రదారం, నల్లదారం. దగ్గరగా పెట్టుకుని చూస్తే అంతా చిన్నచిన్న కత్తెర గుర్తులే, ఇంటూ మార్కులే. అటు దారపు పోగులు రెండు, ఇటు రెండు లెక్కపెట్టి వేసిన క్రాస్ స్టిచ్. ఆ ఇంటూ మార్కులన్నీ కలిసి ఒక చెట్టు, చెట్టుకు అటొకటి ఇటొకటి పక్షులు. గుడ్డమీద ముందుగా పెన్సిలు గీత ఒక్కటి లేదు. లెక్క ఒక్క పోగు తప్పినా పక్షి ముక్కు వంకర పోతుంది. వేల కుట్లలో ఎక్కడా తప్పలేదు.

మా అమ్మ ఏం చేసిందో చెప్పనక్కర్లేదు గదా! అత్తగారి దగ్గర నేర్చిన బుద్ధి. తిరగేసింది. వెనకపక్కా ముందరపక్క మాదిరే ఉంది. ముడి కనపడదు. దారం మొదలెక్కడో, కొస ఎక్కడో తెలియదు. "ఇది కుట్టిన చెయ్యి గట్టిది నాయనా. ఎవురు కుట్టినారు?" అని అడిగింది.

"ఆ ఓనరమ్మ వాళ్ల అమ్మ అంట అవ్వా. ఆమె పెండ్లికి కుట్టిందంట."

"పేరేమి?"

వాడికి తెలియదు. "ఇంత మంచి గుడ్డ, అదీ పెండ్లి గుడ్డ, ఇంత కష్టకాలంలో నీ చేతిలో పెట్టింది. కుట్టిన తల్లి పేరు అడగలేదా అబ్బోడా?" అనింది మా అమ్మ. కోపంతో కాదు, నిజంగా బాధపడి. వాడు తల దించుకున్నాడు.

ఆ గుడ్డను అక్కడ రుష్నిక్ అంటారు. వాళ్ల భాషలో రుకా అంటే చెయ్యి. మనం చేతిగుడ్డ అంటామే, అట్లాంటి మాటే. పేరు చిన్నది కానీ దాని పని చిన్నది కాదు. పెండ్లిలో జంట ఆ గుడ్డమీద నిలబడతారు, మనవాళ్లు పీటలమీద కూచున్నట్టు. ఇంటికి వచ్చిన పెద్దలకు రొట్టె, ఉప్పు ఆ గుడ్డమీద పెట్టి అందిస్తారు. ఇంట్లో దేవుడి పటాలుండే మూలన పటంచుట్టూ దాన్నే వేలాడదీస్తారు. మనిషి పోతే పెట్టెను గోతిలోకి దించడానికీ కొన్నిచోట్ల అదే వాడేవాళ్లు. పుట్టుకనుంచి చావుదాకా ఒక గుడ్డ వెంట ఉంటుందన్నమాట. మనకు పసుపు గుడ్డ, కొంగుముడి, కొత్త బట్ట పెట్టడం ఎట్లనో వాళ్లకు అది అట్ల.

అంచు గట్టి చేయాలని జేజి అనింది చూడండి, ఆ దేశాల్లో కుట్టు అంతా దానిమీదే నిలబడి ఉంది. ఉక్రెయిన్లో కుట్టు చొక్కాను విషివాంక అంటారు. రష్యాలో, బెలారస్‌లో, పోలండులో, బల్గేరియాలో, సెర్బియాలో వేర్వేరు పేర్లు, వేర్వేరు రంగులు. కానీ పాత చొక్కాలు చూస్తే కుట్టు ఎక్కువ ఉండేది మెడచుట్టూ, ముంజేతుల దగ్గర, కింది అంచున. అంటే గుడ్డ ఎక్కడ తెరుచుకుంటుందో, ఎక్కడ మనిషి ఒళ్లు బయటపడుతుందో అక్కడ. చెడు గాలి, చెడు చూపు ఆ సందుల్లోంచే ఒంట్లోకి దూరతాయని వాళ్ల నమ్మకం. ఎర్రదారం కాపలా. మనం దీన్ని దిష్టి అంటాం. పిల్లకు అరికాలిలో చుక్క పెడతాం, గడపకు పసుపు రాస్తాం, గుమ్మానికి గుమ్మడికాయ కడతాం. ఇంటికి గడప ఎట్లనో చొక్కాకు మెడ అట్ల. అయితే ఒక్కటి గమనించండి. మెడా ముంజేయీ కింది అంచూ, గుడ్డ ముందుగా పిగిలే చోట్లు కూడా అవే. గుడ్డ గట్టిపడాలని వేసిన కుట్టు ముందా, దిష్టి తగలకూడదని వేసిన కుట్టు ముందా అంటే, నా మటుకు నాకు జేజి మాటే ముందు అనిపిస్తుంది. చినగకుండా కాపాడింది గనకే మనిషినీ కాపాడుతుందని నమ్మినారు.

నా వయసువాళ్లకు ఈ చొక్కాలు కొత్తేమీ కాదు. మనం చిన్నప్పుడే చూసినాం. విశాలాంధ్ర పుస్తకాల బండి ఊరికొస్తే రూపాయికీ రెండ్రూపాయలకూ దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాలు గుర్తున్నాయా? ఉప్పల లక్ష్మణరావు గారు, ఆర్వియార్ గారు మాస్కోలో కూచుని మనకోసం తెలుగు చేసిన రోజులవి. నున్నటి కాగితం, అచ్చు వాసన. రష్యా జానపద కథల బొమ్మల్లో రాకుమార్తె తలమీద ముత్యాల పట్టీ, చొక్కా చేతులనిండా ఎర్రటి కుట్టు. ఆ కథలకు ఇవాన్ బిలీబిన్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు లోకప్రసిద్ధం. ఆయన 1902 నుంచి 1904 దాకా ఉత్తర రష్యా పల్లెలు తిరిగి అక్కడి బట్టలు, కుట్లు, చెక్కపనులు సేకరించి వచ్చినాడు. ఆయన బొమ్మ అంచుల్లో కనపడే లతలు, పక్షులు పల్లె ఆడవాళ్ల తువ్వాళ్లను గుర్తుచేస్తాయి. వసిలీస కథలో ఆ పిల్ల వడికిన నూలుతో నేసిన గుడ్డ సూదిబెజ్జంలో దూరేంత సన్నంగా ఉంటుంది. దాంతో చొక్కాలు కుట్టగలిగేవాళ్లు రాజ్యంలో దొరకరు. ఆఖరుకు ఆ పిల్లే కుట్టి ఇస్తుంది. చిన్నప్పుడు నాకు ఆ కథలో మంత్రగత్తె గుడిసె కన్నా ఆ గుడ్డే ఎక్కువ ఆశ్చర్యం.

సరే, మన దగ్గరికి వద్దాం. కట్టె ఇంకోటి మంటలోకి తోయండి.

మా ఊరి స్టేషన్లో నిలబడి పడమటికి పోయే రైలెక్కితే ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి దాటి గుత్తి వస్తుంది. మద్రాసునుంచి వేసుకుంటూ వచ్చిన ఈ లైను 1871లో రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. ఊళ్లకు ఊళ్లు సంబరపడినాయి. ఒక్క జనానికి మాత్రం ఆ రైలు కూత గుండెల్లో రాయి పడినట్టయింది. వాళ్లు సుగాలీలు, లంబాడీలు. అంతకు ముందు వందల ఏళ్లు ఉప్పు, ధాన్యం ఎద్దులమీద వేసుకుని దేశమంతా తిప్పింది వాళ్లే. మొగలుల దండుకూ, తర్వాత టిప్పుమీదికి పోయిన కుంఫిణీ దండుకూ గింజలు మోసింది వాళ్లే. బండ్లు లేవు. ఎద్దు వీపుమీద అటొక సంచి ఇటొక సంచి. వందలు వేల ఎద్దుల బిడారు. ఆ సంచులకు, ముందు నడిచే ఎద్దు నొసటి గుడ్డకు, వీపు గుడ్డకు వాళ్ల ఆడవాళ్లు కుట్లు వేసేవాళ్లు. సంచి పిగిలిందంటే ఉప్పు దారిపాలు. అందుకని దట్టంగా, గుడ్డ కనపడకుండా, అంచులు రెండు మూడు చుట్లు తిప్పి కుట్టేవాళ్లు. రైలు వచ్చి ఎద్దుల బేరం పోయింది. బిడార్లు తాండాలై నిలిచిపోయినాయి. సంచి పోయింది, ఎద్దు పోయింది. కుట్టు మాత్రం ఆడమనిషి ఒంటిమీద మిగిలింది.

ఆ కుట్టును దగ్గరగా చూసినారా మీరెప్పుడైనా? పేటియా అంటే పావడ, కాంచళి అంటే రైక, టుక్రి అంటే తలమీది ఓణీ. అద్దం బిళ్లను గుడ్డమీద పెట్టి, ముందు అడ్డంగా నిలువుగా నాలుగు దారాలతో బిగించి, ఆ దారాలనే పట్టుకుని చుట్టూ కాజా కుట్టు మాదిరి అల్లుకుంటా పోతారు. అద్దానికి బెజ్జం ఉండదు. జిగురు ఉండదు. నాలుగు దారాల పట్టుతోనే ముప్పై ఏండ్లు నిలుస్తుంది. గవ్వలు, పూసలు, నాణేలు, సీసపు బిళ్లలు. గవ్వ ఒకప్పుడు డబ్బే గదా. తన సొత్తు తన ఒంటిమీదే కుట్టుకుని నడిచే ఆడదాని ధీమా ఎట్లాంటిదో అనుకుంటాను. అద్దం ఎందుకంటే, చెడుచూపు దాంట్లో పడి చూసినవాళ్లకే తిరిగిపోతుందని చెప్తారు. ఉక్రెయిన్ ఎర్రదారానికీ దీనికీ చుట్టరికం లేదని ఎట్లా అనగలం?

రాయచోటి వైపు తాండాల్లో ఈ బట్టలు రోజూ కట్టేవాళ్లు ఇప్పుడు ముసలవ్వలే. పడుచుపిల్లలు చుడీదార్లు, నైటీలు. వాళ్లను తప్పు పట్టలేను. మోయలేనంత బరువు, ఉతకడం కష్టం, బడికి పోతే అందరూ వింతగా చూస్తారు. కానీ ఫిబ్రవరి 15న, సేవాలాల్ మహరాజ్ జయంతినాడు, పెట్టెల్లోంచి అవన్నీ బయటికి వస్తాయి. సేవాలాల్ పుట్టిన చోటుగా వాళ్లు కొలిచే సేవాగఢ్ మన గుత్తి దగ్గరే. ఏ రైలు లైను వాళ్ల ఎద్దులను ఆపిందో, అదే లైనుమీద ఇప్పుడు నాలుగైదు రాష్ట్రాలనుంచి వాళ్లు గుత్తికి వస్తారు. ఆ పండగకు ఒక్కసారి పోయి చూడండి. ఎండలో ఆ అద్దాలు తళుక్కుమంటుంటే కళ్లు చెదిరిపోతాయి.

ఇంకో మంచి మాట. దత్త మండలాలు అని మనం అంటామే, 1800లో నిజాం కుంఫిణీకి ఇచ్చేసిన మన సీమ, దాంట్లో బళ్లారి కూడా ఉండేది. 1953లో మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్లారి మైసూరు వైపు పోయింది. ఆ బళ్లారి పక్క సండూరులో లంబాణీ ఆడవాళ్లు కుట్టుపని కేంద్రం పెట్టుకుని దశాబ్దాలుగా పని చేస్తున్నారు. వాళ్ల కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపీలో జీ-20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు, 450 మందికి పైగా ఆడవాళ్ల చేతి పనిగా 1,755 కుట్టు వస్తువులు ఒక్కచోట పెడితే గిన్నిస్ రికార్డయింది. రికార్డు సంగతి నాకు ముఖ్యం కాదు. అక్కడ కుట్లకు పేర్లు బతికి ఉన్నాయి. కిలన్, వేలే, మాకి, రేలో, నక్రా, ఇట్లా పధ్నాలుగు రకాలు లెక్కపెట్టి చెప్తారు. మన తాండాల్లో ఆ పేర్లు తెలిసిన అవ్వలు ఎంతమంది ఉన్నారో, వాళ్లను ఎవరు అడుగుతున్నారో!

ఉక్రెయిన్లో ఒక విద్యార్థిని ఇట్లాంటి బెంగతోనే ఒక పని చేసింది. 2006లో చెర్నివ్‌త్సి విశ్వవిద్యాలయంలో లెస్యా వొరొన్యుక్ అనే అమ్మాయి, ఒకరోజు అందరం మన కుట్టు చొక్కాలు వేసుకుని క్లాసుకు వద్దాం అని తోటి పిల్లలతో అనింది. కొద్దిమందితో మొదలైంది. ఇప్పుడు ఏటా మే నెల మూడో గురువారం దేశమంతా, దేశం బయట ఉన్నవాళ్లు కూడా, విషివాంక దినం జరుపుకుంటారు. మా వీధి పిల్లోడు చదివిన ఊరే అది. "మా కాలేజీలో కూడా వేసుకునేవాళ్లత్తా, ఆ పక్కన పూసలు ఎక్కువ కుడతారు" అన్నాడు. బుకోవినా అనే ఆ ప్రాంతపు చొక్కాలమీద పూసల పని దట్టంగా ఉంటుంది. ఫొటో చూపిస్తే అచ్చం మన సుగాలీ రైక చేతుల్లాగే మెరుస్తా ఉంది.

నమూనాలు ఎట్లా ప్రయాణం చేస్తాయో చెప్తాను, వినండి. 1864లో హెన్రీ బ్రొకార్ అనే ఫ్రెంచాయన మాస్కోలో సబ్బుల కంపెనీ పెట్టినాడు. అత్తర్లు, చవక సబ్బులు. ఆ సబ్బులతోపాటే క్రాస్ స్టిచ్ నమూనాల కాగితాలు పల్లెపల్లెకూ పోయినాయి. అంతకుముందు గుర్రాలు, పక్షులు, చేతులెత్తి నిలబడిన అమ్మతల్లి బొమ్మలు కుట్టే ఆడవాళ్లు ఎర్ర నల్ల గులాబీలు కుట్టడం మొదలుపెట్టినారు. పాతది చెడిపోయిందని పెద్దలు బాధపడినారు. మూడు తరాలు పోయేసరికి ఆ గులాబీలే మా అమ్మమ్మల నాటివి అని మనవరాళ్లు ముద్దుపెట్టుకున్నారు.

మన ఇళ్లలో మాత్రం? మ్యాటీ క్లాత్ గుర్తుందా మీకు? గళ్లుగళ్లుగా, పోగులు విడివిడిగా కనపడే ఆ బట్ట. యాంకర్ దారం లచ్చీలు కొనుక్కొచ్చి, ఆరు పోగుల్లో మూడు విడదీసి, అచ్చం ఆ రుష్నిక్ మాదిరే గళ్లు లెక్కపెట్టి ఇంటూ మార్కులు వేసేవాళ్లం. రామచిలకలు, హంసలు, ఇంగ్లీషులో వెల్‌కమ్. అద్దం కట్టించి పెండ్లిచూపులనాడు గోడకు తగిలించేవాళ్లు. రేడియోమీద గుడ్డ, టీవీమీద గుడ్డ, దిండు గలీబులమీద గుడ్డ. పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఎంతమంది ఆ గళ్లమీద తమ వయసు లెక్కపెట్టుకున్నారో. ఆ చిలక బొమ్మ మన ఊరిది కాదని నేనెప్పుడూ అనను. మూడునెలలు కూచుని నా చేత్తో కుట్టినాక అది నాదే.

ఇప్పుడు మన ఊళ్లో కుట్టు అంటే మగ్గం వర్క్. పెండ్లి జాకెట్టు అనగానే మగ్గం. మా ఊరి దర్గా దగ్గరి సందుల్లో, కడపలో, ప్రొద్దుటూరులో ఈ పని చేసే ఇండ్లు ఉన్నాయి. ఎక్కువగా ముస్లిముల ఇండ్లు. ఉరుసుకు సమర్పించే చాదర్ మీద జరీ కుట్టు చూసినారా? నలుగురు నాలుగు కొసలు పట్టుకుని తలలమీదుగా ఎత్తుకుపోతుంటే దీపాల వెలుగులో ఆ జరీ అంచు మెరుస్తుంది. మళ్లీ అంచే.

మొన్న నేనొక ఇంట్లో గంటన్నర కూచున్నాను. నాలుగు కట్టెల చట్రం, దానికి గుడ్డను దారాలతో లాగి కట్టినారు, డప్పు మాదిరి మోగేంత బిగువుగా. ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీసి, గీతవెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, గుడ్డమీద పెట్టి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని గుడ్డపేలికతో రుద్దితే చుక్కలు చుక్కలుగా నెమలి దిగింది. ఆ అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయేమో. పైచేతిలో కొక్కెం ఉన్న సూది. కిందిచెయ్యి గుడ్డ అడుగున. సూది గుడ్డలోకి దిగగానే అడుగునున్న చెయ్యి దారాన్ని ఆ కొక్కేనికి చుట్టాల. పైచెయ్యి లాగుతుంది. టక్, టక్, టక్. క్షణానికి ఒక గొలుసు. పైచెయ్యిని అందరూ చూస్తారు. దారం అందించే కిందిచెయ్యి ఆమెకు కూడా కనపడదు. తడుముకుని చేయడమే. "కింది చేయి ఎట్లా తెలుస్తాదమ్మా?" అని అడిగితే నవ్వి, "ఏండ్లు కూచుంటే అదే తెలుస్తాదక్కా. చీకట్లో ముద్ద నోటికి పోదా?" అనింది.

జర్దోసి అంటే పారశీకంలో బంగారు కుట్టు. స్ప్రింగు మాదిరి చుట్టిన తీగను గోరంత ముక్కలుగా కత్తిరించి, పూస మాదిరి సూదికి ఎక్కించి గుడ్డమీద పరుస్తారు. తీగ గుడ్డలోంచి పోదు. పైన పడుకుంటుంది, సన్నదారం దాన్ని పట్టుకుంటుంది. రష్యాలో తొర్జోక్ అని ఒక పాత ఊరు ఉంది, బంగారు కుట్టుకు శతాబ్దాల పేరు. అక్కడా ఇదే పద్ధతి. బంగారు దారం పైనే ఉంటుంది, కనపడని పట్టుదారం దాన్ని గుడ్డకు కట్టేస్తుంది.

పనినుంచి తల ఎత్తినప్పుడు ఆ అమ్మాయి మెడ పట్టేసి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ నెమలి జాకెట్టుకు నాలుగు రోజులు పడుతుందంట. షాపులో తీసుకునే ధరలో ఆమె చేతికి వచ్చేది ఎంతో విన్నాక నాకు మంచినీళ్లు దిగలేదు. ఆ షాపు పేరు, ఆ లెక్క ఇక్కడ వద్దు. అట్లాంటివి ఊరూరా ఉన్నాయి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఒక పూటలో తీసేది నాలుగు రోజులు ఎందుకు అంటారు. మిషన్ పనినీ, చేతిపనినీ పక్కపక్కన పెట్టి తిరగేసి చూడండి. మిషన్‌కు వెనక కాగితం అంటుకుని ఉంటుంది, గీసుకుంటుంది. చేతిపనికి వెనక సన్నటి గొలుసు గీత. ఒంటికి తగిలేది ఆ వెనకపక్కే.

నర్సాపురం లేసు సంగతీ ఇంతే. గోదావరి జిల్లాల ఆడవాళ్లు కొక్కెం సూదితో అల్లిన లేసు ఐరోపా బల్లలమీదికి పోయేది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ ఊళ్లలో ఉండి చూసి 1982లో పుస్తకం రాసింది. ఆమె తేల్చిన మాట ఇది: రోజంతా అల్లుతున్నా ఆ ఆడవాళ్లకు గృహిణులు అని పేరు, అది తీరికవేళ కాలక్షేపం అని లెక్క. అందువల్ల కూలీ అంత తక్కువ. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు చాలా సంతోషం వేసింది. గుర్తింపు ఊరికి వచ్చింది, అల్లిన చేతికి కూడా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మగ్గం జాకెట్టు కుట్టించుకుంటే బేరం ఆడకండి. ఆడితే చీర దగ్గర ఆడండి. కుట్టిందెవరు అని షాపులో అడగండి. పది మంది అడిగితే పదకొండో మనిషికి వాళ్లే చెప్తారు.

మంట ఆరిపోతా ఉంది, ఇంకొక్క మాట. మా అమ్మ ఆ పిల్లోడిని వదల్లేదు. ఫోన్ చేయించింది. అక్కడ కరెంటు పోతా వస్తా ఉన్న రోజులు, నాలుగోసారికి గానీ కలవలేదు. ఆ పెద్దావిడ గొంతు వినగానే వీడికి మాట రాలేదు. ఆఖరుకు అడిగినాడు. వాళ్లమ్మ పేరు, పుట్టిన పల్లె పేరు చెప్పింది, అక్షరం అక్షరం పలికి. మా అమ్మ తెలుగులో ఒక చీటీమీద రాయించి, ఆ రుష్నిక్ మడతలో పెట్టి వాడికి తిరిగి ఇచ్చింది. ఆ సాయంత్రమే మా జేజి కుట్టిన బొంత దించి, మూలనున్న ఎర్రముక్క వెనకపక్క, పెన్నుతో రాస్తే ఉతుకులో పోతుందని, నేను కాడ కుట్టుతో జేజి పేరు కుట్టినాను. ఈసారి వెనక ముడులు కనపడకుండా కుట్టినాను.

ఈ సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు మీ ట్రంకు పెట్టె కూడా తీయండి. బొంత, మ్యాటీ క్లాత్ చిలక, అమ్మ పెండ్లినాటి రైక, ఏది దొరికితే అది. తిరగేసి చూడండి. కుట్టిన మనిషి ఉంటే పోయి పక్కన కూచుని ఆ కుట్టును ఏమంటారో అడగండి. లేకపోతే ఆమె పేరు, ఊరు రాసి ఆ మడతలో పెట్టండి.